కొడుకు లేని తోపు

మునెయ్య పోయాడు. కాయలు దించి లారీకి ఎక్కించిన మరుసటి వారమే, మిట్టకండ్రిగ మామిడి తోపులో, బోరు గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. కొడుకులు లేరు. పెళ్ళాం గురవమ్మ, ఇద్దరు ఆడబిడ్డలు, తన చేత్తో నాటిన తోపు మిగిలాయి. అన్న పాల్ వచ్చి శవం మీద పడి ఏడ్చాడు. మట్టి చేసి వచ్చిన సాయంత్రమే తోపు తన చేతికి రావాలన్నాడు. పాల్ కొడుకు రూపేష్ మోటారు షెడ్డుకు తాళం వేశాడు. మునెయ్య పెద్దబిడ్డ మిల్కా ఊరంతా చూస్తుండగా గడ్డపారతో ఆ తాళం పగలగొట్టింది. "ఆదరణ కూడికలో తేలుస్తా నీ సంగతి" అని రూపేష్ వేలు చూపించి పోయాడు. పోయిన వారం కథ అక్కడ నిలిచింది.

ఆ తోపు గురించి ఒక మాట చెప్పుకోవాలి. అన్నదమ్ములిద్దరూ ఎప్పుడో నోటి మాట మీద పంచుకున్న నేల అది. నీళ్ళు పారే వరి కయ్యలు పాల్ తీసుకున్నాడు. రోడ్డు వైపు మిట్ట తమ్ముడికి వదిలాడు. మిట్ట మీద రాళ్ళు, తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. మునెయ్య గుంతలు తవ్వి, కడవలతో నీళ్ళు మోసి, బేనీషా, బెంగళూరా మామిడి మొక్కలు నాటాడు. ఇప్పుడు ఆ పక్కనే పెద్ద రోడ్డు పడింది. ప్లాట్లు వేసేవాళ్ళు తిరుపతి నుంచి కార్లలో వచ్చి, దిగకుండానే అద్దం దించి తోపును చూసి పోతున్నారు. తాలూకా ఆఫీసు కాగితాల్లో ఇప్పటికీ బిడ్డల తాత పేరే ఉంది. చెట్లున్నంత కాలం అది మునెయ్య తోపని దారిన పోయేవాడైనా చెబుతాడు. చెట్లు పోతే చెప్పడానికి గుర్తు ఉండదు.

మునెయ్య చదువు అంతంత మాత్రం. బాప్తిస్మం తీసుకున్నాక కూడబలుక్కుంటూ బైబిలు చదవడం నేర్చుకున్నాడు. సంఖ్యాకాండంలో సెలోపెహాదు కూతుళ్ళ దగ్గరికి వచ్చి చాలాకాలం ముందుకు కదల్లేదు. అయిదుగురు అక్కచెల్లెళ్ళు వాళ్ళు. తండ్రి కొడుకు లేకుండా చనిపోతే, మా నాయన పేరు ఎందుకు పోవాలి, మాకూ నేల ఇవ్వండి అని మోషే ముందర నిలబడి అడిగారు. మోషే దేవుణ్ణి అడిగాడు. ఆడబిడ్డలు చెప్పింది న్యాయమే, ఇవ్వమని జవాబు వచ్చింది. ప్రసంగాల్లో వాళ్ళ పేర్లు ఎవరూ ఎత్తరు. మునెయ్య మొదటి బిడ్డకు మిల్కా అని, రెండో బిడ్డకు తిర్సా అని ఆ పేర్లే పెట్టాడు. మూడో బిడ్డ పుట్టలేదు. హొగ్లా అనే పేరు బర్రెకు పెట్టాడు. పాస్టరయ్య కోప్పడితే, "అదీ ఆడదే గదయ్యా" అన్నాడట.

శనివారం పొద్దున ఇంటి ముందర షామియానా వేశారు. పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చడానికి సంఘం కూడే రోజు అది. మగవాళ్ళకు ప్లాస్టిక్ కుర్చీలు, ఆడవాళ్ళకు చాపలు. తెల్లచీరలు, జిప్పు కవర్లలో బైబిళ్ళు. రెండు పాటలు పాడారు. ఇంటి పక్కన చింతకట్టెల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. గురవమ్మ అక్కడే ఉంది. వచ్చి కూర్చోమని ఎవరో పిలిచారు.

"కూర్చుంటే ఏడుపొస్తాది. నన్ను గమ్మున పని చేసుకోనీండి" అంది.

పాల్ సంఘానికి పెద్ద. ముందురోజు సాయంత్రం పాస్టరు దేవసహాయం ఇంటికి పోయి చాలాసేపు కూర్చుని వచ్చాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. పాస్టరయ్య లేచి, కళ్ళద్దాలు సర్దుకుని, సంఖ్యాకాండం ముప్పై ఆరో అధ్యాయం తీశాడు. ఆ పుస్తకంలో ఆ కూతుళ్ళ మాట మళ్ళీ వచ్చేది అక్కడే. నేల తీసుకున్న ఆడబిడ్డలు బయటి గోత్రంలో పెళ్ళి చేసుకుంటే నేల కూడా బయటికి పోతుంది, అందుకని తండ్రి గోత్రంలోనే చేసుకోవాలి అని పెద్దలు తీర్పు తెచ్చుకున్నారు. పాస్టరయ్య అక్కడిదాకా చదివి ఆపాడు. చెమట తుడుచుకున్నాడు.

పాల్ లేచాడు. "విన్నారు గదా. ఇది నా మాట గాదు, దేవుని మాట. మిల్కాకు రేపో మాపో పెండ్లి అయితాది. తిర్సా తడ కాడ కంపెనీలో పని చేస్తా ఉండాది, ఆ పక్క తమిళోడు ఎవుడన్నా దొరికితే వానెంట పోతాది. అప్పుడు మా తమ్ముని తోపు యాడికి పోతాది? అందుకే తోపు నేను సూసుకుంటా. బిడ్డల పెండ్లిండ్లు నేను చేస్తా."

"నీ నోటి ముహూర్తానికైనా తమిళోడు దొరికితే బాగుండు పెదనాయనా" అంది తిర్సా. "మూడేండ్లుగా బస్సులో ఒక్కడూ నా పక్క సూడలే."

చాపల మీద నవ్వులు వినిపించాయి. పాల్ నవ్వలేదు.

మిల్కా లేచి నిలబడింది. తెల్లచీర కొంగు నడుముకు దోపింది. "అయ్యగారూ, ఆ అధ్యాయం ఇంగా అయిపోలే. కడాకు చదవండి. ఆ అయిదుగురూ ఎవుర్ని చేసుకున్నారో అది గూడా చదవండి."

పాస్టరయ్య పేజీ తిప్పాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"చదవండయ్యా."

"తమ తండ్రి అన్నదమ్ముల కొడుకులను..." పాస్టరయ్య గొంతు తగ్గిపోయింది.

"అంటే పెదనాయన కొడుకుల్ని, చిన్నాయన కొడుకుల్ని." మిల్కా కుర్చీల వైపు తిరిగింది. "నాకుండేది ఒక్క పెదనాయన. ఆయనకు ఒక్క కొడుకు. ఈ లెక్కన తోపు నాకు దక్కల్లంటే రూపేషన్నను నేను పెండ్లి చేసుకోవల్ల. చెప్పు పెదనాయనా, వచ్చే ఆదివారం చర్చిలో పెండ్లి ప్రకటన చదివిద్దామా?"

ముసలి మునిరత్నమ్మ చెవులు మూసుకుంది. "ఛీ ఛీ! నోరు కడుక్కో మే. ఒకే ఇంటిపేరు, అన్నాచెల్లెలు!"

"నేనన్నానా అవ్వా? పెదనాయన చదివించినాడు."

వెనక కుర్చీల్లోంచి ఎవడో అన్నాడు: "రూపేషూ, కొత్త చొక్కా ఏసుకొచ్చింది దీనికేనా అబ్బా?"

ఈసారి మగవాళ్ళు కూడా నవ్వారు. రూపేష్ మెడ దగ్గర నరం లేచింది.

మిల్కా నవ్వలేదు. "వాళ్ళ దేశంలో పెదనాయన కొడుకు మొగుడైతాడు. మనకు అన్న అయితాడు. వాళ్ళ కట్టుబాటు మనకెట్ల సరిపోతాది? నాయన పోతే నేల ఎవురికని ముందర అడిగినారే, ఆ ఇరవై ఏడో అధ్యాయం చదవండయ్యా. మా నాయన మాకు ఆ పేర్లు ఊరికే పెట్టలే."

పాస్టరయ్య వేళ్ళు పేజీల మీదికి పోయాయి. పాల్ వంగి, ఆయన చేతిలోని పుస్తకం మీద అరచెయ్యి పెట్టి మూశాడు.

"ఆ అధ్యాయం ఈడ పనికిరాదు."

ఆడవాళ్ళ చాప చివర పాల్ కూతురు అమల కూర్చుని ఉంది. రూపేష్‌కు అక్క. మొగుడు చనిపోయాక పిల్లల్ని తీసుకుని నాయుడుపేట నుంచి పుట్టింటికి వచ్చి, వెనక రేకుల కొట్టంలో ఉంటోంది. అప్పటిదాకా తల వంచుకుని గోరుతో చాప పుల్ల గీకుతోంది. నాయన ఆ మాట అనగానే తల ఎత్తి ఆయన వైపు చూసింది. మళ్ళీ దించలేదు.

రూపేష్ కుర్చీ తన్ని లేచాడు. షామియానా మూల తాడు కట్టిన ఇనుప గూటాన్ని ఊపి పీకాడు. గుడ్డ ఒక పక్క ఒరిగి కుర్చీల మీద పడింది. ఆ గుడ్డ కిందనుంచి జనం బయటపడే లోపల వాడు చాపలు తొక్కుకుంటూ మిల్కా మీదికి వచ్చాడు. తలకు గురిపెట్టి కొట్టాడు. మిల్కా ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. పచ్చి చెరుకు గడ మోకాలికేసి విరిచినట్టు చప్పుడైంది. ముంజేయి మధ్యలో కీలు లేని చోట మడత పడింది.

మిల్కా మోకాళ్ళ మీద కూలబడింది. రెండో దెబ్బ వీపు మీద పడింది. తిర్సా వచ్చి వాడి కాలు రెండు చేతులా పట్టుకుంది. మడమతో మొహం మీద తన్నాడు. పెదవి చీలి, రక్తం తెల్లజాకెట్టు మీద కారింది. అయినా కాలు వదల్లేదు. పిక్క కొరికి పట్టుకుంది.

"సాలు రా" అన్నాడు పాల్. నిలబడ్డ చోటునుంచి కదల్లేదు. పాస్టరయ్య నేల మీద కళ్ళద్దాల కోసం తడుముతున్నాడు.

గూటం మూడోసారి లేచింది. అప్పుడు గురవమ్మ వచ్చింది. పొయ్యిలోంచి లాగిన చింతకట్టె ఆమె రెండు చేతుల్లో ఉంది. మొన అంతా నిప్పు. వరి కట్ట బండకేసి కొట్టేటప్పుడు ఎట్లా కొడతారో అట్లా, నడుము తిప్పి, వాడి కుడి భుజం మీద కొట్టింది. నిప్పులు చెదిరాయి. నైలాను చొక్కా అంటుకుని చర్మానికి కరుచుకుంది. కాలిన వాసన వచ్చింది. వాడు గూటం వదిలేసి మెలిక తిరిగాడు. గురవమ్మ మళ్ళీ కొట్టింది. మెడకూ భుజానికీ మధ్య ఎముక లోపలికి పోయింది. కట్టె రెండు ముక్కలైంది.

ఎవరో మజ్జిగ బకెట్టు తెచ్చి రూపేష్ మీద కుమ్మరించారు. వాడు చాప మీద దొర్లి ఏడుస్తున్నాడు.

గురవమ్మ చేతిలో మిగిలిన కొరివిని పాల్ వైపు తిప్పింది. "బావా, నువ్వు పెద్దోడివని ఇంతకాలం నీ ముందర తల ఎత్తలే. ఇంగొక అడుగు ముందుకెయ్యి, సూస్తాం."

పాల్ అడుగు వెయ్యలేదు. ఫోన్ తీసుకుని వీధిలోకి పోయాడు.

"పుత్తూరుకు పొండి" అంది గురవమ్మ బిడ్డలతో. "నేనీడనే ఉంటా."

"ముందర పోలీస్ స్టేషనుకు" అంది తిర్సా.

"ముందర ఎముక" అంది మిల్కా. మొహం సున్నం కొట్టినట్టు ఉంది.

ఈ చుట్టుపక్కల ఎముక విరిగితే పుత్తూరు దారి ఎవరినీ అడగక్కర్లేదు. రేకుల షెడ్డు కింద పొడుగాటి చెక్క బెంచీ. మోటారు సైకిలు మీద నుంచి పడినవాడు, బాత్‌రూములో జారిన ముసలామె, చెట్టు మీద నుంచి జారినవాడు, అందరూ వరసగా కూర్చుంటారు. ఊళ్ళల్లో కొట్లాటలైనప్పుడు కొట్టినవాళ్ళూ కొట్టించుకున్నవాళ్ళూ ఆ బెంచీ మీదికే వస్తారు. అక్కడ కూర్చున్నాక పాత పగ ఎత్తకూడదని ఒక కట్టుబాటు ఉంది. ఎత్తడానికి చేతులు కూడా బాగుండవు.

కట్టు కట్టే పెద్దాయన బనీను మీద ఉన్నాడు. మిల్కా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో నొక్కి చూశాడు.

"పడినావా, కొట్టుకున్నారా మే?"

"ప్రార్థన చేసుకుంటా ఉంటే విరిగింది" అంది తిర్సా, వాచిన పెదవితో.

పక్కనున్న ముసలాయన కాలు చాచుకుని నవ్వాడు. "ప్రార్థనకే ఇట్లయితే, మీ ఊర్లో పెండ్లికి పోయినోడు తలతో తిరిగి వచ్చేనా?"

ఆ మాట మీదే వాకిట్లో స్కూటీ ఆగింది. అమల తోలుతోంది. వెనక రూపేష్, చొక్కా లేకుండా, తడి తువ్వాలు కప్పుకుని, ఒక పక్క భుజం కిందికి జారి. లోపలికి వచ్చి మిల్కాను చూసి ఆగాడు. బెంచీ మీద వేరే చోటు లేదు. పెద్దాయన తల ఎత్తకుండానే అన్నాడు: "ఇద్దరూ ఒకే ఊరా?"

"ఒకే ఇల్లు" అంది అమల.

"అట్లయితే జరిగి కూర్చోండి. కోడిగుడ్లు ఇద్దరికీ ఒకేసారి పగలగొడతా."

అమల తమ్ముడిని కూర్చోబెట్టి, తాను వాడికీ మిల్కాకూ మధ్య కూర్చుంది. మిల్కా వైపు చూడలేదు. తిర్సా పెదవికి అదుముకున్న గుడ్డ చూసి, తన బ్యాగులోంచి నీళ్ళ బాటిలు తీసి ఇచ్చింది.

పెద్దాయన మిల్కా చంకలో మడమ ఆనించి, ముంజేయి పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఎముకలు ఒకదాని మీద ఒకటి రాసుకున్నాయి. మిల్కా తలను వెనక గోడకేసి కొట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు వాటంతట అవే కారాయి. ఆకు పసరు, గుడ్డుసొన పూసి, వెదురు బద్దలు పేర్చి, గుడ్డ చుట్టడం మొదలుపెట్టాడు.

"మిల్కా" అంది అమల. ముందుకే చూస్తోంది. "నువ్వు అడిగిన అధ్యాయం నాకు నోటికొచ్చు."

మిల్కా తల తిప్పింది.

"నాయుడుపేట నుంచి వచ్చేసినాక నాయన్ను అడిగితిని. కయ్యల గట్టున ఇల్లు కట్టుకునే తావు ఇయ్యి, చాలు అని. ఇంటెనక కొట్టంలో పిల్లోళ్ళకు పాములు తిరగతా ఉండాయి అని. నాయన బైబిలు తీసినాడు. ఇరవై ఏడో అధ్యాయం. ఏలు పెట్టి ఒక్కో మాట చదివి వినిపించినాడు. కొడుకు లేకుండా పోయినోని నేల కూతుర్లకు పోతాదంట. నాకు కొడుకు ఉండాడు గదమ్మా, దేవుడే నీకు లేదన్నాడు, నేనేం చేసేది అన్నాడు. దేవుని మాట అంటే నేనేమనేది? కొట్టానికి పోయి పడుకున్నా."

"ఇంటి మాటలు ఈడ ఎందుకే?" అన్నాడు రూపేష్.

"ఈపొద్దు మిల్కా అదే అధ్యాయం చదవమంటే, పనికిరాదని పుస్తకం మూసేసినాడు." అమల గొంతు పెరగలేదు. "నాకు లేదని చెప్పిన మాటే వాళ్ళకు ఉందని చెప్తాది గదరా. అది దేవుని మాటే అయితే వాళ్ళకు ఇయ్యల్ల. కాకుంటే నాకు ఇయ్యల్ల. రెండు పక్కలా నాయనకే ఎట్ల వస్తాది?"

కాలు చాచుకున్న ముసలాయన కూడా వింటున్నాడు. రూపేష్ మొహం నల్లబడింది. పదిమందిలో పరువు పోవడం ఇది రెండోసారి.

"అధ్యాయాలు చదువుకుంటా కూర్చోండి మే" అన్నాడు పళ్ళు బిగించి. "కట్టు కట్టించుకోని నిదానంగా పోండి. ఈపాటికి ఆడ నాయన రంపాలోళ్ళను దింపింటాడు. మీ నాయన తోపులో పొయ్యి కింది కట్టెలు ఏరుకుందురు."

తిర్సా అప్పటికే ఫోన్ తీసింది. చాలాసేపు మోగింది. అవతల గురవమ్మ ఎత్తింది. ముందు మనిషి గొంతు రాలేదు. మిషను రంపం రొద, ఆ వెనక ఏదో పెద్దది చిటచిటమని విరుగుతూ నేల మీద పడిన చప్పుడు వచ్చింది.

"అమ్మా!"

"రోడ్డు పక్క వరస పూరా పోయింది." గురవమ్మ రొప్పుతోంది. "నేను పెద్ద బేనీషా మొదట్లో కూర్చోనుండా. మీరు రావద్దు. అక్క చెయ్యి..." ఫోన్ ఆగిపోయింది.

మిల్కా లేచి నిలబడింది. కట్టు సగం అయింది. గుడ్డ చివర వేలాడుతోంది.

"ఏయ్, తడి ఆరల్ల! కదిలితే వంకరగా అతుక్కుంటాది" అని పెద్దాయన అరిచాడు.

"వంకరగానే ఉండనీండయ్యా" అంది మిల్కా. గుడ్డ చివర పళ్ళతో పట్టి ముడి వేసుకుంది.

అమల స్కూటీ తాళం చేతిలోకి తీసుకుంది. రూపేష్ ఎడమ చేత్తో ఆమె చీర పట్టుకున్నాడు. "నన్ను ఒదిలేసి యాడికి పోతావే?"

"నీకు మొగోళ్ళు శానామంది ఉండారు గదా. ఫోన్ చేసుకో." చీర విడిపించుకుని బయటికి నడిచింది. వాకిట్లో ఆగి వెనక్కి చూసింది. "రండి మే, ముగ్గురం పోదాం."

అమల ముందు, మధ్యలో మిల్కా, వెనక తిర్సా. గుంత వచ్చినప్పుడల్లా మిల్కా నుదురు అమల వీపుకు ఆనించి మూలిగేది. మిట్టకండ్రిగ మలుపు తిరగ్గానే పచ్చిమాను కోసిన వాసన కొట్టింది. ఎప్పుడూ నీడగా ఉండే రోడ్డు మీద ఎండ పడి ఉంది.

వరస చెట్లు తలలు రోడ్డు వైపు పెట్టి పడి ఉన్నాయి. ఆకులు ఇంకా వాడలేదు. మొదళ్ళ మీద జిగురు ఊరుతోంది. ఊరి జనం రోడ్డు అంచున నిలబడి చూస్తున్నారు. పాస్టరయ్య కూడా ఉన్నాడు, ఒక అద్దం పగిలిన కళ్ళజోడుతో. కూలికి వచ్చిన ఇద్దరు రంపాలవాళ్ళు పడిన మాను మీద కూర్చుని బీడీ తాగుతున్నారు. మునెయ్య నాటిన మొక్కల్లో మొదటిది, పెద్ద బేనీషా. దాని మొదటికి వీపు ఆనించి గురవమ్మ కూర్చుని ఉంది. జుట్టు ఊడి భుజాల మీద పడింది. ఒక కుచ్చు ఆమె కాళ్ళ దగ్గర నేల మీద ఉంది, కుదుళ్ళతో సహా. కొమ్మ గీరుకున్న పిక్కలోంచి రక్తం పాదం దాకా కారి ఎండింది. ఆమె తలకు బెత్తెడు పైన చెట్టు మీద కొత్త రంపపు కోత ఉంది. తెల్లగా, వేలు పట్టేంత లోతుగా.

పాల్ చేతిలో రంపం ఉంది. కూలివాళ్ళ దగ్గర లాక్కున్నాడు. ముంజేతి మీద పళ్ళ గాట్లున్నాయి.

"ఆడమనిషి లేస్తే గానీ కొయ్యం అన్నామమ్మా" అన్నాడు వాళ్ళలో ఒకడు, మిల్కాను చూసి. "ఆయనే రంపం ఎత్తుకున్నాడు."

మిల్కా తల్లి దగ్గరికి పోబోయింది. పాల్ రంపం అడ్డం తిప్పాడు. "ఆడనే ఉండు. మీ అమ్మను లేపుకోని పో. లేకుంటే కాలో చెయ్యో పోతాది, నాకు తెలీదు."

"ఈడ నుంచి లేస్తే నా పీనుగే లేస్తాది" అంది గురవమ్మ.

అమల వాళ్ళను దాటుకుని ముందుకు వచ్చింది. కూతుర్ని చూసి పాల్ కనుబొమ్మలు ముడిచాడు.

"నువ్వెందుకు వచ్చినావు? వాడు యాడ?"

"బెంచీ మీద ఉండాడు. బతుకుతాడు." ఆమె ఆయనకు ఎదురుగా నిలబడింది. "నాయనా, నాకు చదివిందే వీళ్ళకు చదువు."

"ఇంటికి పో."

"యా ఇంటికి?"

పాల్ రోడ్డు వైపు చూశాడు. అందరూ వింటున్నారు. అమల గొంతు పెంచింది. "అయ్యగారూ, మీరూ వినండి. కొడుకు ఉండాడని నాకు లేదన్నాడు మా నాయన. అదే అధ్యాయం చూపించి. కొడుకు లేకపోతే ఎవురికి? ఒక్క మాట చెప్పమనండి. ఆ మాట చెప్పినాక చెట్టు కొట్టుకోనీండి."

"అమలా." పాల్ గొంతు ఒక్కసారిగా ముసలిదైంది. దగ్గరికి వచ్చి, జనానికి వినపడకుండా అన్నాడు: "కార్లోళ్ళకు మాట ఇచ్చేసినా. మా అన్నదమ్ములిద్దరిదీ అని చెప్పి, చిన్నాయన బతికుండగానే ఇచ్చేసినా. మానులు లేని నేల సూపించల్ల. వెనక్కి పోయేదానికి లేదమ్మా. మనల్ని నిలువునా పాతేస్తారు."

మిల్కా విన్నది. గురవమ్మ విన్నది. "బతికుండగానేనా?" అంది గురవమ్మ మెల్లగా. "ఆయనకు తెలిసిందా బావా? ఆయన పోయిన పొద్దు బోరు గట్టు కాడికి నువ్వొచ్చి పోయినావే, అప్పుడు చెప్పినావా?"

పాల్ ఆమె మొహం వైపు చూడలేకపోయాడు. రంపాన్ని తొడకు ఆనించి తాడు లాగాడు. అంటుకోలేదు.

అమల వెనక్కి నడిచి, గురవమ్మ తల మీదుగా చెయ్యి చాచి, చెట్టు మీది ఆ తెల్లటి కోత మీద అరచెయ్యి పరిచి పెట్టింది.

"అట్లయితే ఈడి నుంచి మొదలుపెట్టు నాయనా."

"అక్కా, చెయ్యి తియ్యి!" మిల్కా అరిచింది. తిర్సా పడిన కొమ్మల మీదుగా పరిగెత్తింది. కూలివాళ్ళు బీడీలు పారేసి లేచారు.

పాల్ మళ్ళీ తాడు లాగాడు. రంపం అంటుకుంది. ఆ రొదలో ఇంక ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు. ఆయన కూతురి మొహం చూడలేదు. కోతను మాత్రమే చూస్తూ, రంపాన్ని ఆ ఎత్తుకు లేపి, రెండడుగులు ముందుకు వేశాడు.

అమల చెయ్యి తియ్యలేదు.